నొక్కకూడని చోటు

మా వదిన గదికి ఏడు నెలలు తాళం పడింది. ఆ గదిలో పెద్ద సామానేమీ లేదు. నేల మీద ఒక పలచటి పరుపు, రెండు దిళ్ళు, కిటికీకి తెల్ల గుడ్డ, అంతే. కానీ పాతికేళ్ళుగా ఈ చుట్టుపక్కల జనమంతా తమ మెడలూ నడుములూ తలనొప్పులూ మోసుకొచ్చి అక్కడ దించుకుని పోయేవాళ్ళు. తాళం పడ్డాక ఎవరైనా తలుపు కొడితే వదిన కిటికీలోంచే "మానేశాను" అనేది. ఎందుకని అడిగితే కిటికీ కూడా వేసేసేది.

ఎందుకో అందరికీ తెలుసు. తెలుసనుకున్నారు. "సొంత తమ్ముడి కాలు నొక్కి ప్రాణం తీసింది, ఇంకెవరు పడుకుంటారమ్మా ఆ చేతుల కింద?" అని చెప్పుకునేవాళ్ళు. ఆ తమ్ముడు నా భర్త. కాలు నొక్కింది వదిన కాదు, నేను.

ఈ మాట ఏడు నెలలు నా నోట రాలేదు, వదిన నోటా రాలేదు. నాకు రానిది పిరికితనం వల్ల. ఆవిడకెందుకు రాలేదో తెలియక, అడిగితే చెప్పక, నాకు లోలోపల కాలిపోయేది. చేతిలో ఉన్న పని వదిలేసుకుని, అనని మాట లేకుండా అనిపించుకుంటూ, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికి చిరాకు రాదు? తప్పు చేసింది నేనైనా సరే, కోపం ఆవిడ మీదే వచ్చేది.

వదిన మా ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "నన్నెవరూ అడగలేదు, నేనెవర్నీ అడగలేదు, గొడవే లేదు" అనేది. పద్దెనిమిదో ఏట ఒక పెద్ద హోటల్లో బట్టల విభాగంలో ఇస్త్రీ పనికి చేరింది. రోజంతా దుప్పట్లు, దిండు గలేబులు, బల్ల గుడ్డలు. ఆవిరికి మొహం ఉడికిపోయేదట. పదేళ్ళు తిరిగేసరికి మెడ తిరగడం మానేసింది. వెనకనించి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది. తోటి పనివాళ్ళు "బీరువా" అని పేరు పెట్టారు. బీరువాని కదిలిస్తే మొత్తం కదలాలి కదా.

హోటలు వెనక వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. కంటిచూపు బాగా తక్కువ. జపానులో చాలా ఏళ్ళుండి, షియాట్సు అనే వైద్యం నేర్చుకుని వచ్చి, చిన్న బడి పెట్టాడు. ఆ మాటకు వేలితో ఒత్తడమని అర్థమట. వదిన మెడ పట్టుకుని ఆయన దగ్గరికి వెళితే, ఆయన మెడ ముట్టుకోలేదు. పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, బట్టల మీదుగానే పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఏదో వింటున్నట్టు కాసేపు ఊరుకున్నాడు. వదినకు ఒళ్ళు మండింది.

"నొప్పి మెడలో అయితే పొట్ట చూస్తారేంటండీ?"

"తలుపు బిగుసుకుపోతే గుమ్మం కూడా చూడాలి కదమ్మా" అన్నాడాయన.

ఆ తర్వాత పాదాలు, పిక్కలు, వీపు. గంటసేపట్లో మెడ దగ్గరికొచ్చింది చివరి పది నిమిషాలే. అప్పటికి వదిన నిద్రపోయింది. లేచాక గోడ గడియారం ఎంతయిందా అని చూసింది. చూశాక గాని తెలియలేదు, మెడ ఒక్కటే తిప్పి చూశానని. మెడ పూర్తిగా కుదుటపడడానికి ఆ తర్వాత మూడు నెలలు పట్టిందిలెండి. కానీ ఆ రోజే నేర్చుకుంటానని పట్టుపట్టింది. పగలు ఇస్త్రీ, సాయంత్రం బడి. అలా నాలుగేళ్ళు.

మొదటి ఏడాదంతా తిట్లే. వదిన చేతుల్లో బలముంది, చిక్కు అక్కడే వచ్చింది. బొటనవేళ్ళతో శక్తికొద్దీ పొడిచేది. "నొక్కకు, వాలు" అనేవాడట పెద్దాయన. వాలడమంటే ఏమిటో ఎంతకీ తలకెక్కేది కాదు. వేళ్ళు వాచిపోయేవి. మానేద్దామనుకున్న వారంలో, ఇస్త్రీబల్ల దగ్గర దుప్పటి మడతమీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే తట్టిందట. "పెట్టె బరువు పెట్టెదే. నేను దాన్ని మోయను, తొయ్యను, దారి చూపిస్తానంతే. ఒంటి బరువు కూడా అంతే కదా!" ఆ సాయంత్రం చేతులు తిన్నగా చాచి, నడుము నుంచి ముందుకు వాలి, బరువుని బొటనవేళ్ళలోకి దిగనిచ్చింది. పెద్దాయన ఇంకేమీ అనలేదు. అనకపోవడమే ఆయన మెచ్చుకోలు.

నా పెళ్ళయ్యేనాటికి వదిన ఇస్త్రీ పని మానేసి గది తెరిచి చాలా కాలమైంది. జనం నొక్కుడమ్మ అనేవాళ్ళు. నాకు పిల్లల్లేరు, పొద్దు పోయేది కాదు. వెళ్ళి ఆ గదిలో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. చూసేకొద్దీ కొన్ని తెలిశాయి. నూనె రాయరు, బట్టలు విప్పరు, పాముడూ పిసుకుడూ ఉండవు. వేలు గాని అరచెయ్యి గాని తిన్నగా, నిటారుగా దిగుతుంది. అవతలి మనిషి ఊపిరి వదిలేటప్పుడు మెల్లగా దిగి, నాలుగైదు లెక్కపెట్టేదాకా అక్కడే ఆగి, దిగినంత మెల్లగానే పైకి వస్తుంది. ఒక చెయ్యి పని చేస్తుంటే రెండో చెయ్యి ఊరికే ఒంటి మీద ఆని ఉంటుంది. దాన్ని తల్లిచెయ్యి అంటారట. "ఆ చెయ్యి లేకపోతే ఒళ్ళు భయపడి బిగుసుకుంటుంది, ఇంకెక్కడ నొక్కుతాం" అనేది వదిన.

ఒంట్లో ప్రాణశక్తి పారే దారులున్నాయని, ఒకచోట నిండిపోయి ఇంకోచోట ఖాళీ అవుతుందని, ఆ ఖాళీ చోటు వెతికి పట్టుకోవాలని జపాను పద్ధతి. వదిన దాన్ని పూర్తిగా నమ్మిందని చెప్పలేను. "దారులు నా కంటికి కనపడలేదు. కానీ వేలి కింద ఒకచోట రాయిలా, ఒకచోట దూదిలా ఉంటుంది. నొప్పని చూపించిన చోటు ఎప్పుడూ రాయే. నేను దూది వెతుకుతాను" అనేది.

జనానికి ఇదంతా అక్కర్లేదు. వాళ్ళకి గట్టిగా కావాలి. ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు, ప్రతి వారం అదే పాట.

"ఇంకొంచెం గట్టిగా అమ్మా. నేను తట్టుకుంటాను."

"తట్టుకోవడానికొచ్చావా, తగ్గించుకోవడానికొచ్చావా?"

"నొప్పి పుడితేనే కదమ్మా పని చేసినట్టు!"

"అయితే బస్సు కింద పడుకో. బాగా పనిచేస్తుంది."

అలా తిట్టించుకుంటూనే గురక పెట్టేవాడు. లేచి, "ఏమీ చెయ్యలేదు కదమ్మా, నిద్రపోయానంతే" అని గొణిగేవాడు. వదిన నెత్తి కొట్టుకునేది. "ఇంట్లో పట్టని నిద్ర ఇక్కడ పట్టింది కదరా నాయనా, దానికే కదా వచ్చింది!" నిజంగానే చాలామందికి ముందు కుదుటపడేది నిద్రే. తర్వాత తలనొప్పులు తగ్గేవి, మెడలు తిరిగేవి, నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగే ఆడపిల్లలకు కాస్త సుఖంగా ఉండేది. జబ్బు నయం చేస్తానని మాత్రం వదిన ఎన్నడూ అనలేదు. "నేను డాక్టర్ని కాను, బిగువు వదిలిస్తానంతే" అనేది. పడుకోబెట్టే ముందు బోలెడు ప్రశ్నలు. జ్వరముందా, ఎముక విరిగిందా, ఏ మందులు వాడుతున్నారు, కడుపుతో ఉన్నారా, భోజనం చేసి ఎంతసేపయింది. "నొక్కమంటే పోలీసు విచారణ ఏంటమ్మా" అని విసుక్కునేవాళ్ళు. ఆ ప్రశ్నలు ఎందుకడుగుతుందో నేనూ ఎప్పుడూ అడగలేదు. అది ఆవిడ చాదస్తమనుకున్నాను.

నాకూ కొంచెం నేర్పింది, తమ్ముడి కోసం. మా ఆయన వాచీలు బాగుచేసేవారు. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దస్తమానం ఒంగి కూర్చునేవారు. కాళ్ళు పట్టేసేవి. పిక్క వెనక నట్టనడుమ, మోకాలి మడత నుంచి మడమ దాకా రెండేసి వేళ్ళ దూరంలో ఎక్కడెక్కడ వాలాలో వదిన నా చెయ్యి పట్టుకుని చూపించింది. ఆయన బోర్లా పడుకుని, "అక్క నొక్కితే పల్లకీ, నువ్వు నొక్కితే పిండిమర" అని నవ్వేవారు. ఏడాదికి నా చెయ్యీ కుదిరింది. "ఇప్పుడు మంచి పిండిమర" అన్నారు.

పోయినేడు నిచ్చెన మీంచి పడి ఆయన పాదం ఎముక చిట్లింది. ఐదు వారాలు పిండికట్టు. కట్టు తీసిన రెండో రోజు పొద్దున పిక్క వాచింది, ఎర్రగా, వేడిగా ఉంది. వదిన రాగానే ఆయన హుషారుగా పరుపు వేయించుకుని పడుకున్నారు. వదిన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి వెనకవైపు పిక్కకి ఆనించి, నిప్పు తగిలినట్టు తీసేసింది.

"నేను ముట్టుకోను. లే, ఆస్పత్రికి."

"ఐదు వారాలు ఆస్పత్రి మొహమే చూశానక్కా. సోమవారం వెళతాలే. ముందు నొక్కు."

"చెప్తుంటే నీక్కాదూ! లేవరా!"

"ఊరందరికీ నొక్కుతావు, సొంత తమ్ముడనేసరికి చేతులు పడిపోయాయా?"

"మూర్ఖుడా! నీతో కాదు, బండి పిలుచుకొస్తా" అని, నా వైపు తిరిగి, "నేనొచ్చేదాకా వీణ్ణి లేవనివ్వకు" అని చెప్పి, చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

నాకు వదిన మీద కోపం వచ్చింది. మనిషి నొప్పితో మూలుగుతుంటే ఇంత పంతమా అనుకున్నాను. ఆయన "నువ్వైనా నొక్కవే, చచ్చిపోతున్నా" అన్నారు. లేవనివ్వకు అంది కదా, లేవనివ్వలేదు. పంట్లాం కాలు పైకి మడిచి, నేర్పిన చోట, నేర్పినట్టే, బరువు దించి వాలాను. ఆరు చోట్ల. "హా, అక్కడే" అన్నారు. అదే ఆఖరి మంచి మాట. కాసేపటికి ఊపిరాడడం లేదని లేవబోయి, నా మీదే ఒరిగిపోయారు.

వదిన గుమ్మంలోకొచ్చి చూసింది. ఇద్దరం కలిసి లేవదీస్తుంటే ఆవిడ చూపు పిక్క మీద పడింది. వాచిన కండ మీద ఆరు గుంటలు వరసగా, సమానమైన దూరంలో, ఇంకా పూడకుండా ఉన్నాయి. అంత సమంగా నొక్కేవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరమే. వదిన మడత విప్పి పంట్లాం కాలు కిందికి లాగేసింది.

ఆస్పత్రికి చేరేలోపే ఆయన పోయారు. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందని చెప్పింది డాక్టరమ్మ. "కాలికి మర్దనా ఏమైనా చేశారా?" అని అడిగింది. నా నోరు తెరుచుకుంది. అంతలోనే వదిన అంది, "నేనే."

"నొక్కినందుకే కదిలిందని చెప్పలేమమ్మా, నొక్కకపోయినా కదిలేదేమో. కానీ అలాంటి కాలు నొక్కకూడదు" అంది డాక్టరమ్మ. మొదటి సగం ఎవరికీ వినపడలేదు. అక్కడే ఉన్న మా ఆయన మేనత్త రెండో సగం పట్టుకుపోయింది. ఆవిణ్ణి మా ఇంట్లో రేడియో అత్త అంటారు. సాయంత్రానికల్లా ప్రసారం పూర్తయింది.

ఒక్క మాటతో నా తప్పు ఎత్తుకుపోయింది వదిన, నన్నడగకుండా. నాకు మిగిలింది నోరు మూసుకోవడం. ఆయన కోసం ఏడవాలన్నా సరిగా ఏడవలేకపోయాను. ఏడుస్తుంటే అందరూ నన్ను ఓదార్చేవాళ్ళు, వదినను ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. చాలాసార్లు ఆవిడ ఇంటికి వెళ్ళి, "వదినా, మాట్లాడాలి" అనేదాన్ని. "టీ తాగుతావా?" అనేది. టీ తాగి వచ్చేసేదాన్ని. గోడకి తల బాదుకున్నా కొంచెం పెచ్చు ఊడుతుంది గానీ, మా వదిన దగ్గర అదీ లేదు.

ఎప్పట్నుంచో ఉన్న నడుంనొప్పి ముదిరి పోయిన నెల రేడియో అత్త మంచం పట్టింది. చూసి వద్దామని నేను బయల్దేరితే, ఎందుకో వదిన కూడా వచ్చింది. గదిలో అత్త పక్కకు తిరిగి పడుకుని మూలుగుతోంది. ఆవిడ కోడళ్ళిద్దరూ, పక్కింటివాళ్ళూ చుట్టూ ఉన్నారు.

"నొప్పి ఎప్పట్నుంచి అత్తా?" అని వదిన ఒక అడుగు ముందుకు వేసిందో లేదో, అత్త గొంతు లేచింది.

"నువ్వు మాత్రం ముట్టుకోకు తల్లీ! ఇంకా నాలుగు రోజులు బతకాలని ఉంది నాకు."

పక్కింటావిడ కిసుక్కుమంది. వదిన అక్కడే ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది, అవేవో దొంగసొత్తు అయినట్టు. అది చూశాక నాలో ఏం తెగిందో తెలియదు.

"ఆయన కాలు నొక్కింది నేను, అత్తయ్యగారూ" అన్నాను. "వదిన ముట్టుకోను, ఆస్పత్రికి లేవమంది. బండి కోసం వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక నేను నొక్కాను. డాక్టరమ్మ అడిగితే వదిన తన మీద వేసుకుంది. ఏడు నెలలు మీరంతా ఆవిణ్ణి కాల్చుకు తింటుంటే నేను చూస్తూ కూర్చున్నాను."

ఇప్పుడు తిడతారు, కొడతారు, ఏదో ఒకటి అవుతుందని నిలబడ్డాను. అత్త కష్టపడి తల ఇటు తిప్పింది.

"అయితే ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదే! ఏడు నెలల్నుంచి ఈ నడుముతో చస్తున్నాను, మీ వదిన చేత నొక్కించుకునేదాన్ని కదా!"

ఏడు నెలలు నేను మింగలేక కక్కలేక చచ్చిన మాట ఆవిడ నడుం దగ్గరికొచ్చి ఆగింది. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. కోడళ్ళు మాత్రం నన్ను అదోలా చూశారు. ఇక మీదట ఆ చూపులు నావేనని అర్థమైంది. వెనక్కి తిరిగితే వదిన లేదు.

వీధి చివర అందుకున్నాను. రొప్పుతూ "వదినా" అన్నాను. ఆగకుండానే తిట్టడం మొదలుపెట్టింది.

"ఎవరు చెప్పమన్నారే నిన్ను? పెద్ద సత్యవంతురాలివి! నేనడిగానా?"

"మీరెందుకు మోయాలి? మీరేం చేశారని?"

"ఏం చేశానా?" అని ఆగింది. ఈసారి మనిషి మొత్తం నా వైపు తిరిగింది. "ముట్టుకోను అన్నాను. ఎందుకు ముట్టుకోనో చెప్పానా? వాచిన పిక్క, వేడి పిక్క నొక్కకూడదు, లోపల గడ్డ ఉంటే కదులుతుందని మా పెద్దాయన మొదటి నెల్లోనే చెప్పాడు. నేను నీకు చెప్పానా? ఎక్కడ నొక్కాలో ఏడాది పాటు నేర్పాను. ఎక్కడ నొక్కకూడదో ఒక్క పూట నేర్పలేదు. వాడి మీద కోపంతో విసవిసా వెళ్ళిపోయాను. ఆ ఆరు గుంటలు నా వేళ్ళవే. నీ చేత పెట్టించాను."

"నేనడగొచ్చు కదా వదినా. పక్కనే కూర్చుని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు."

"అవును, అడగొచ్చు. నోరు లేదుగా నీకు" అంది కసిగా. "ఇవాళ వచ్చింది, నేను వద్దనుకున్నప్పుడు."

క్షమించానని ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం ఆవిడ ఇంటిదాకా నడిచాం. గుమ్మం దగ్గర తాళంచెవి తిప్పుతూ, నా మొహం చూడకుండా అంది, "గది తెరుస్తాను. కానీ నువ్వు తలుపు దగ్గర కూర్చోవాలి. వచ్చినవాళ్ళని అడిగేది నువ్వే. కుదరదని చెప్పాల్సి వస్తే చెప్పేదీ నువ్వే. ఎందుకో కూడా చెప్పాలి. ఒకసారి కాదు, బుర్రకెక్కేదాకా."

ముందు పది రోజులు నన్ను కూర్చోబెట్టి నేర్పింది. నేర్పిందనడం కంటే చీల్చి చెండాడిందనాలి. జ్వరంలో ఎందుకు నొక్కకూడదు? రక్తం పలచబడే మందు వాడేవాళ్ళని ఎందుకు వద్దనాలి? కడుపుతో ఉన్నవాళ్ళకి కొన్ని చోట్లు ఎందుకు వదిలేయాలి? ఒకటి తప్పితే మళ్ళీ మొదటికి. గది తెరిచాక మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. వదిన పరుపు దులిపి, మళ్ళీ దులిపి, "రారులే" అంది. మూడో రోజు ఒకావిడ వచ్చింది. కూరగాయల దుకాణం ఆవిడట. కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది. నిన్న మెట్ల మీంచి జారిందట.

గుడ్డ విప్పి చూశాను. వాచింది. వేళ్ళు మూయమంటే మూయలేకపోయింది.

"దీన్ని నొక్కకూడదమ్మా. ముందు ఎక్స్‌రే తీయించుకోండి" అన్నాను.

"ఇంతోటి దానికి గది తెరిచారా? నొక్కుడమ్మ దగ్గరికొస్తే నొక్కరా? పక్క వీధిలో నూనె రాసి లాగేవాడున్నాడు, అటే పోతాను" అని లేచి చరచరా వెళ్ళిపోయింది.

మూడు రోజులకి వచ్చిన ఒక్క మనిషి. లోపల పరుపు దగ్గర వదిన మోకాళ్ళ మీద సిద్ధంగా కూర్చుని ఉంది. నా వైపు చూసింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను.

"అమ్మా, ఒక్క నిమిషం! ఎందుకు వద్దన్నానో వినండి. ఎముక చిట్లి ఉంటే, లాగితే ముక్క పక్కకి జరుగుతుంది. ఆ తర్వాత చెయ్యి వంకరగా అతుక్కుంటుంది, తక్కెడ పట్టుకోలేరు..."

ఆవిడ వెనక్కి తిరగలేదు. "చెప్పావుగా, వదులు" అంది.

"ఒకసారే చెప్పాను" అన్నాను. ఆవిడ నడుస్తూనే ఉంది. నేను పక్కన నడుస్తూ మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.